చూసిన ఫైలు వేరు, వెళ్ళిన ఫైలు వేరు

ఆడిట్ మూడో రోజు. భోజనాలు అయ్యి అందరం కాస్త మగతగా ఉన్న టైములో ఆడిటర్ గారు అడిగారు: "మీ రిపోర్ట్స్ సర్వీసు కంటైనర్ ఏ యూజర్ మీద నడుస్తోందమ్మా?"

10001, అంటే పరిమిత హక్కులున్న మామూలు యూజర్ నంబరు, అని టక్కున చెప్పాను, కాస్త గర్వంగానే. కోడ్‌ని సర్వర్ల దాకా చేర్చే మా పైప్‌లైన్‌లో సెక్యూరిటీ స్కాన్ ఉంది. మార్చిలో నేనే పెట్టాను. నవంబర్ వచ్చినా ఒక్కరోజు కూడా ఎర్రగా మారలేదు, అన్నీ పచ్చ టిక్కులే.

"ఒకసారి లోపలికి వెళ్ళి చూపిస్తారా?" అన్నారాయన. ప్రొడక్షన్ పాడ్‌లోకి, అంటే క్లయింట్ల కోసం నడిచే ఆ కంటైనర్ ఉన్న చోటికి, వెళ్ళే అనుమతి మా ఆఫీసులో ఇద్దరికే ఉంది, అందులో నేనొకదాన్ని. పాడ్‌లోకి వెళ్ళి, ఏ యూజరో చెప్పే 'ఐడీ' కమాండ్ కొట్టాను. యూఐడీ 0. పక్కనే రూట్ అని. అంటే సున్నా నంబరు యూజర్, అన్ని హక్కులూ ఉన్నవాడు.

ఆయనేమీ అనలేదు. పెన్ను మూత తీసి ఏదో రాసుకున్నారు. ఏదో ఒకటి అనేసి ఉంటే బావుండుననిపించింది.

ముందే చెప్పేస్తున్నా, ఆ కంటైనర్‌ను రూట్ మీద నడపమని రాసింది నేనే. ఆ ఏడాది సంక్రాంతికి నంద్యాలలో అమ్మావాళ్ళింట్లో ఉన్నాను. రాత్రి ఒంటిగంట దాటాక ఫోను. స్టోరేజ్ మార్చారు, కొత్త వాల్యూమ్‌లో ఫోల్డర్ రూట్ పేరు మీద వచ్చింది, మా సర్వీసు 10001 యూజర్‌గా నడుస్తుంది కాబట్టి అందులో రాయలేకపోతోంది. లాగ్ నిండా పర్మిషన్ డినైడ్. తెల్లారేసరికి రిపోర్టులు క్లయింట్లకు వెళ్ళాలి. ఇంట్లో సిగ్నల్ అందదు, డాబా మీదే అందుతుంది. చలిలో శాలువా కప్పుకుని, ల్యాప్‌టాప్ నీళ్ళ ట్యాంకు గట్టు మీద పెట్టుకుని ప్రొడక్షన్ వేల్యూస్ ఫైలు తెరిచాను. రన్ యాజ్ యూజర్ 0. రన్ యాజ్ నాన్‌రూట్ ఫాల్స్. పక్కన కామెంట్ కూడా రాశాను: 'తాత్కాలికం, సోమవారం తీసేయాలి'.

ఏ సోమవారమో రాయలేదు.

సరే, అది నా తప్పు. కానీ ఆడిట్ అయ్యాక నన్ను తినేసింది అది కాదు. మార్చిలో స్కాన్ పెట్టాను కదా, అది ఎనిమిది నెలలపాటు ఈ రెండు లైన్లనూ ఎలా వదిలేసింది?

కుబర్నెటిస్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఒక ప్రోగ్రామ్‌నూ దానికి కావాల్సినవన్నీ కట్టిన మూట ఇమేజ్, అది నడుస్తుంటే కంటైనర్. అలాంటివాటిని చాలా మెషీన్ల మీద నడిపించేది కుబర్నెటిస్. ఆ మెషీన్ల గుంపు క్లస్టర్, అందులో ఒక్కో మెషీన్ నోడ్. కంటైనర్‌ను క్లస్టర్‌లో నడపాలంటే ఒక యామల్ ఫైలు రాసిస్తాం. ఏ ఇమేజ్, ఎంత మెమరీ, ఏ యూజర్, ఏ ఫోల్డర్లు తగిలించాలి, అన్నీ అందులోనే. డెవలప్‌మెంట్‌కి ఒకటి, టెస్టింగ్‌కి ఒకటి, ప్రొడక్షన్‌కి ఒకటి అని మూడుసార్లు రాయలేక హెల్మ్ వాడతాం. హెల్మ్‌లో ఖాళీలు వదిలిన మూస ఒకటి ఉంటుంది, ఖాళీలు నింపే వేల్యూస్ ఫైలు ఒకటి ఉంటుంది. ప్రొడక్షన్‌కి వెళ్ళేటప్పుడు ఆ వేల్యూస్ మీద ఇంకో ఫైలు పరుస్తాం. రెండింట్లోనూ ఒకే పేరుంటే పైన పరిచిందే చెల్లుతుంది.

మా స్కాన్ మూసనూ, దాని మామూలు వేల్యూస్‌నూ చూస్తోంది. అందులో అన్నీ సవ్యంగానే ఉన్నాయి. పైన పరిచే ఫైలు ముఖం అది ఎప్పుడూ చూడలేదు.

మా తమ్ముడి పెళ్ళికి అచ్చం ఇలాగే అయింది. వంటమేస్త్రీకి ఇవ్వాల్సిన సరుకుల చీటీ నాన్న రాశారు. పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని కందిపప్పు ఇంత, నెయ్యి ఇంత అని లైను లైనూ చదివి సరేనన్నారు. ఈలోపు మామయ్య అదే చీటీ వెనక పెన్సిల్‌తో నాలుగు మార్పులు గిలికి మేస్త్రీ చేతిలో పెట్టేశాడు. వంట మామయ్య పెన్సిల్ ప్రకారమే జరిగింది. పులిహోర ఎందుకు తక్కువైందని పెదనాన్నను నిలదీస్తే పాపం ఆయనేం చెప్తారు? ఆయన చూసిన వైపు అన్నీ కరెక్టే.

ఆడిట్ మర్నాడు మేనేజర్ సార్ అడిగిన మొదటి ప్రశ్న: "లోపలికి ఎవరైనా వచ్చారా?" దేశ సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ వాళ్ళు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి సంఘటన ఏదైనా మన దృష్టికి వస్తే 6 గంటల్లో వాళ్ళకు చెప్పాలి. లాగ్స్ 180 రోజులు దాచాలి. మేం సరిగ్గా 180 రోజులే దాచాం, ఒక్కరోజు ఎక్కువ లేదు. ఇద్దరం రెండు రోజులు కూర్చుని వాటిని జల్లెడ పట్టాం, ఏమీ దొరకలేదు. కానీ కంటైనర్ రూట్ మీద నడిచింది పది నెలలు. మొదటి నాలుగు నెలల లాగ్స్ లేవు. 'ఏమీ జరగలేదు' అని రాయబోయి 'అందుబాటులో ఉన్న లాగ్స్‌లో ఏమీ కనిపించలేదు' అని రాశాను. ఆ వాక్యం రాయడానికి పట్టినంత సేపు నాకు ఏ స్క్రిప్టుకూ పట్టలేదు.

"కంటైనర్ లోపల రూట్ అయితే ఏమైంది, గోడ ఉంది కదా" అని మా డెవలపర్లలో ఒకాయన వాదించాడు. గోడ ఉంది, కాదనను. కానీ కంటైనర్‌కి సొంత కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె, ఉండదు, నోడ్‌దే వాడుకుంటుంది. లోపలి యూజర్ నంబర్లను బయట వేరే నంబర్లుగా మార్చే యూజర్ నేమ్‌స్పేస్‌లు ప్రత్యేకంగా ఆన్ చేయకపోతే లోపలి యూఐడీ 0, బయటి యూఐడీ 0 ఒక్కటే. గోడకి చిల్లు పడితే బయటికొచ్చేవాడు రూట్‌గానే వస్తాడు. 2019 ఫిబ్రవరిలో రన్‌సీలో బయటపడింది అలాంటి చిల్లే. రన్‌సీ అంటే కంటైనర్లను నిజంగా మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్. లోపల రూట్‌గా ఉన్నవాడు నోడ్ మీద ఉన్న ఆ ప్రోగ్రామ్‌నే మార్చి రాసేయగలిగేవాడు. అదీ ఎప్పుడు? బయటినుంచి మనం కంటైనర్‌లోకి వెళ్ళే క్షణంలో కూడా. ఆ రోజు ఆడిటర్ గారి ముందు నేను చేసిన పనే. ఆ లోపం ఎప్పుడో సరిదిద్దారు, మా నోడ్లలో లేదు. అయినా తర్వాత ఆ సంగతి తలుచుకుంటే కడుపులో తిప్పింది. లోపల రూట్ కానివాడికి మాత్రం ఆ దారి మొదటినుంచీ మూసే ఉంది.

అన్నిసార్లూ ఇంత విద్య కూడా అక్కర్లేదు. 2018లో టెస్లా కుబర్నెటిస్ కన్సోల్‌కి పాస్‌వర్డే లేదని రెడ్‌లాక్ అనే సెక్యూరిటీ కంపెనీ బయటపెట్టింది. దొంగలు అందులోంచి వెళ్తే ఒక పాడ్‌లో అమెజాన్ క్లౌడ్ తాళాలు దొరికాయి. క్రిప్టో తవ్వకం మొదలుపెట్టారు, అదీ అనుమానం రాకుండా సీపీయూ వాడకం తక్కువలో ఉంచి.

ఇక మా రిపేరు. మొదటి మార్పు చిన్నదే, సాయంత్రంలోపు అయిపోయింది. మూసను చూడటం మానేసి, ప్రొడక్షన్ వేల్యూస్ కలిపి హెల్మ్‌తో పూర్తి యామల్ బయటికి తీయించి, దాన్ని స్కాన్ చేయించాను. క్లస్టర్‌కి వెళ్ళేది కూడా అదే ఫైలు. మళ్ళీ ఇంకోసారి తీయడం లేదు. మేం వాడే స్కానర్ చెకోవ్. ట్రివీ అయినా, క్యూబ్‌లింటర్ అయినా ఈ విషయంలో పెద్ద తేడా లేదు. తేడా అంతా దాని చేతికి ఏ కాగితం ఇస్తామన్నదాంట్లోనే.

నిన్నటిదాకా సున్నా. ఆ సాయంత్రం 212 ఎర్ర లైన్లు.

212 చూసి భయపడక్కర్లేదని తర్వాత తెలిసింది. సగం పైగా ఒకే మూసలోంచి వచ్చినవి, అక్కడ ఒకచోట మారిస్తే ఇరవై చోట్ల పోతాయి. పైగా మా స్కానర్‌కి చిన్నా పెద్దా తెలియదు. సర్వీసు బతికుందో లేదో చూసే లైవ్‌నెస్ ప్రోబ్ లేదన్నా, గోడను దాదాపు తీసేసే ప్రివిలేజ్డ్ మోడ్‌లో నడుస్తోందన్నా అదే ఎరుపు, అదే గొంతు. అన్నిటికీ ఆపితే డెవలపర్లు వారంలో స్కాన్‌నే తీసేయమంటారు, అందులో వాళ్ళ తప్పు లేదు. కాబట్టి నేను గీత గీశాను. ప్రివిలేజ్డ్ మోడ్, నోడ్ నెట్‌వర్క్‌నో ప్రాసెస్‌లనో పంచుకోవడం, నోడ్ ఫోల్డర్లను తగిలించడం, రూట్ యూజర్, పైస్థాయి హక్కులు తెచ్చుకోనివ్వడం, వీటిలో ఏదున్నా డిప్లాయ్ ఆగుతుంది. మిగతావి పసుపు రంగులో చెప్పి వదిలేస్తుంది. డాకర్ సాకెట్, అంటే నోడ్ మీద కంటైనర్లను నడిపే డాకర్‌తో మాట్లాడే దారి, తగిలించిన పాడ్ మాత్రం ఒకటి దొరికింది. ఆ సాకెట్ చేతికిస్తే నోడ్ మొత్తం రాసిచ్చినట్టే. దాన్ని ఆ రాత్రే తీయించాను, మీటింగ్ కూడా పెట్టలేదు.

రూట్ తీసేయడం ఒక్క లైను పని అనుకున్నాం. ఆ వారం నాకు బాగా గుర్తు.

మొదటి ఫోను మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి చేసింది. "అక్కా, నాన్‌రూట్ అని పెట్టాను, ఇమేజ్‌లో కూడా యూజర్ యాప్‌యూజర్ అనే ఉంది. అయినా పాడ్ లేవట్లేదు. యూజర్ అంకె కాదు, రూటో కాదో తేల్చుకోలేనంటోంది." చూస్తే నిజమే. ఇమేజ్ ఎలా తయారవ్వాలో చెప్పే డాకర్‌ఫైల్‌లో యూజర్ పేరు రాశారు. ఆ పేరుకి ఏ అంకె అన్నది ఇమేజ్ లోపలి పాస్‌వర్డ్ ఫైల్లో ఉంటుంది, నోడ్ మీద పాడ్లను చూసుకునే క్యూబ్‌లెట్ కంటైనర్ మొదలుపెట్టే ముందు అంత లోపలికి వెళ్ళి చూడదు. యాప్‌యూజర్ అని పేరు పెట్టి దానికి 0 ఇచ్చినా ఇచ్చి ఉండొచ్చు కదా. అది అనుమానించడంలో న్యాయం ఉంది. డాకర్‌ఫైల్‌లో పేరు బదులు 10001 అని అంకె వేశాం, లేచింది. "ఇంతేనా అక్కా, రెండు గంటలు పోయాయి" అంది. నావీ ఒకప్పుడు పోయాయి, చెప్పలేదు.

తర్వాత ఎన్‌జిన్‌ఎక్స్, మా వెబ్ సర్వర్. రూట్ ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీ చేయగానే క్యాష్ ఫోల్డర్లో క్లయింట్ టెంప్ అనే డైరెక్టరీ పెట్టుకోలేకపోయానని చెప్పి పడిపోయింది. క్యాష్‌కి ఒకటి, పిడ్ ఫైలుకి ఒకటి, టెంప్‌కి ఒకటి అని మూడు ఖాళీ వాల్యూమ్‌లు తగిలించాం, పోర్టు 80 నుంచి 8080కి మార్చాం, నిలబడింది. నిలబడ్డాక కూడా డిఫాల్ట్ కాన్ఫిగ్ మార్చలేకపోతున్నానని ఒక లైను వస్తూనే ఉంది. దాని వెనకాల మధ్యాహ్నమంతా తిరిగాం. అది ఉత్త సమాచారమే, ఐపీవీ6 కోసం ఫైలు దిద్దబోయి కుదరక చెప్పే మాట. దేన్నీ ఆపదు.

అసలు కథ రిపోర్ట్స్ సర్వీసుది, అంటే నా సంక్రాంతి పాపానిది. దానికి మందు ఎఫ్ఎస్ గ్రూప్ అనే ఒక్క లైను. అది రాస్తే వాల్యూమ్ తగిలించేటప్పుడు కుబర్నెటిసే ఆ ఫోల్డర్ల గ్రూప్ మార్చి మన యూజర్‌కి రాసే వీలు కల్పిస్తుంది. డాబా మీద ఆ రాత్రి నాకు గుర్తురాని లైను ఇదే. ఇప్పుడు గుర్తొచ్చింది, పెట్టాను, పాడ్ 'కంటైనర్ క్రియేటింగ్' దగ్గర కూర్చుంది. ఐదు నిమిషాలు, పది, ఇరవై. వాల్యూమ్‌లో లక్షల్లో పీడీఎఫ్‌లున్నాయి. పాడ్ లేచిన ప్రతిసారీ ఒక్కొక్క ఫైలుకీ గ్రూప్ మార్చుకుంటూ వెళ్తోంది. అన్నిటికంటే పైనున్న ఫోల్డర్ సరిగ్గా లేనప్పుడే మార్చమని చెప్పే ఇంకో సెట్టింగ్ ఉంది, 1.23 వెర్షన్ నుంచి స్థిరంగా ఉంది. అది కూడా పెట్టాక మొదటిసారి ఓపిక పట్టాం, రెండోసారి నుంచి సెకన్లలో లేస్తోంది.

ఆ తవ్వకంలో ఇంకోటి బయటపడింది. వేల్యూస్ ఫైల్లో డేటాబేస్ పాస్‌వర్డ్, బేస్64లో. రాసినాయన "ఎన్‌క్రిప్ట్ చేసే పెట్టాను కదా" అన్నాడు అమాయకంగా. ఆయన ముందే డీకోడ్ చేసి చూపించాను. చివర '@123' అని ఉంది. బేస్64 అనేది వేషం, తాళం కాదు. గిట్‌లోంచి ఆ లైను తీసేసినా చరిత్రలో ఉంటుంది కాబట్టి పాస్‌వర్డే మార్చేశాం.

మినహాయింపుల సంగతి వేరు. నోడ్ లాగ్స్ ఏరుకొచ్చే పాడ్‌కి నోడ్ లాగ్ ఫోల్డర్ తగిలించక తప్పదు, దాని పనే అది. అలాంటివాటిని రాసుకోవడానికి ఒక ఫైలు పెట్టాను. అందులో కారణం ఉండాలి, అడిగినవాళ్ళ పేరు ఉండాలి, గడువు తేదీ ఉండాలి. తేదీ లేకపోతే పైప్‌లైన్ తీసుకోదు. తేదీ దాటితే డిప్లాయ్ ఆగుతుంది. 'తాత్కాలికం' అని రాసినా ఆగుతుంది. ఆ మాటని వెతికి పట్టుకునే లైను స్క్రిప్టులో ప్రత్యేకంగా నేనే పెట్టాను. టీమ్‌లో నవ్వారు, నవ్వనివ్వండి.

ఇదంతా చేసినా పైప్‌లైన్ ఒక వాకిలే. ఎవరైనా చేత్తో నేరుగా క్లస్టర్‌కి యామల్ పంపితే స్కాన్ ఏం చేస్తుంది? అందుకని క్లస్టర్ గుమ్మంలోనే రెండో కాపలా ఉండాలి. పాత పాడ్ సెక్యూరిటీ పాలసీని 2022లో 1.25 వెర్షన్‌తో తీసేశారు. దాని బదులు వచ్చిన పాడ్ సెక్యూరిటీ అడ్మిషన్ నాకు నచ్చింది, నేమ్‌స్పేస్, అంటే క్లస్టర్‌లో గీసుకున్న గది, మీద ఒక లేబుల్ అతికిస్తే చాలు. ప్రివిలేజ్డ్, బేస్‌లైన్, రిస్ట్రిక్టెడ్ అని మూడు మెట్లు. రెండు వారాలు వార్నింగ్ మోడ్‌లో ఉంచి, ఎవరెవరికి ఏమేం అడ్డొస్తాయో చూసి, అప్పుడు ఎన్‌ఫోర్స్ చేశాం.

అయినా మొదటి రోజే బోల్తా పడ్డాం. ఒక టీమ్ డిప్లాయ్ చేసింది, సక్సెస్ అని వచ్చింది, టీ తాగడానికి వెళ్ళారు. వచ్చి చూస్తే పాడ్లు సున్నా. ఎర్రర్ ఎక్కడా లేదు. గంటసేపు వెతికారు. ఎన్‌ఫోర్స్ అడ్డుకునేది పాడ్‌ని, ఇన్ని పాడ్లు కావాలని చెప్పే డిప్లాయ్‌మెంట్‌ని కాదు. డిప్లాయ్‌మెంట్‌ని చక్కగా లోపలికి రానిస్తుంది, అది తర్వాత పాడ్లు పుట్టించబోతే ఒక్కొక్కదాన్నీ ఆపుతుంది. ఆ ఏడుపంతా డిప్లాయ్‌మెంట్ తరఫున పాడ్లు పుట్టించే రెప్లికాసెట్ ఈవెంట్స్‌లో ఉంటుంది, అక్కడికి వెళ్ళి చూడాలని తెలిసినవాళ్ళకే కనపడుతుంది. అందుకే వార్నింగ్ లేబుల్‌ని కూడా దాంతోపాటే ఉంచేశాం. అదైతే డిప్లాయ్‌మెంట్ పంపగానే మొహం మీదే చెప్తుంది.

ఇంకో చిన్న జాబ్ ఉంది. ప్రతి సోమవారం ఉదయం ఏడింటికి క్లస్టర్‌లో నిజంగా నడుస్తున్న పాడ్ల యామల్ లాగి, అదే స్కాన్ వేసి నాకు మెసేజ్ పెడుతుంది. ఫైల్లో ఏముందో దానికి అనవసరం. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి చదువుతాను. ఎక్కువసార్లు రెండు లైన్లే ఉంటుంది. సోమవారమే ఎందుకని ఆ అమ్మాయి అడిగితే, ఊరికే అన్నాను.

212 ఇప్పుడు 8కి వచ్చాయి. ఏడింటికి తేదీలున్నాయి, కారణాలున్నాయి. ఎనిమిదోది బయటి కంపెనీ అమ్మిన కంటైనర్, పీడీఎఫ్‌ల మీద డిజిటల్ సంతకం పెట్టేది. రూట్ లేకుండా నడవదని వాళ్ళ మాట. మూడు మెయిల్స్ పెట్టాను. "అందరూ అలాగే నడుపుతున్నారు మేడమ్" అని జవాబు.

పోయిన వారం విసుగొచ్చి దాని ఇమేజ్ విప్పి కూర్చున్నాను. రూట్ కావాల్సిన పని అది ఏదీ చేయట్లేదు. లైసెన్స్ తాలూకు చిన్న ఫైలొకటి హోమ్ ఫోల్డర్లో రాసుకుంటుంది, ఆ హోమ్ రూట్‌ది కావడమే గొడవ. హోమ్ అనే వేరియబుల్‌ని ఖాళీ వాల్యూమ్ మీదికి తిప్పి, యూజర్ మార్చి, ప్రొడక్షన్‌కి ముందు పరీక్షించే స్టేజింగ్‌లో వదిలాను. నిన్నటికి నాలుగు రోజులు, సంతకాలన్నీ పడుతున్నాయి. వాళ్ళకి నాలుగో మెయిల్ రాసే ముందు లోపలికి వెళ్ళి 'ఐడీ' కొట్టి చూశాను. 10001.